నాతో

పసిఫిక్ నీళ్ళు నదిలోకి ఎగబాకే మా వైపు
ఆ చెట్టు పేరు నాతో.
ఎవరితో అని అడక్కండి, పేరే అంత.
చిక్కుడు వంశమట. నమ్మబుద్ధి కాదు.
దాని గింజ నా రెండు గుప్పిళ్ళలో పట్టదు,
ఏ కుండలోనూ ఉడకదు,
బురదలో పడితే కోతిపిల్ల దూకినంత చప్పుడు.

అమ్మమ్మ ఎమెరెన్సియానా పాటునీళ్ళకు లేచేది.
మా ఇంట్లో గడియారం లేదు, ఆవిడ మోకాలి నొప్పి ఉంది.
కొబ్బరిపీచు రాజేసిన డబ్బా నడుముకు కట్టి
దోమల్ని దగ్గించుకుంటూ, పొగలో సగం మనిషై
వేళ్ళ కిందికి దూరేది.
మోచేతి దాకా బురదలో చెయ్యి,
చెయ్యి చివర కళ్ళు.
పియాంగ్వా చిప్పలు నల్లగా, మొండిగా, నోరు మూసుకుని వచ్చేవి.
బొటనవేలంత లేనిది మళ్ళీ బురదకే:
"పో, ఎదిగి రా. తొందరేం లేదు నాకు."

ఆ ఏడు సముద్రం మా ఇసుకదిబ్బను కొరికింది.
మొదట బడి మరుగుదొడ్డి,
తర్వాత బంతాట గోలు కర్రలు,
తర్వాత గ్రెగోరియా పెద్దమ్మ వంటగది, పొయ్యిలో నిప్పుతో సహా.
నది లోపలికి జరగాలన్నారు.
జరగాలంటే ఇళ్ళు, ఇళ్ళకు స్తంభాలు,
నానినా నిలిచే కర్ర మాకు తెలిసింది ఒకటే.

మామయ్య ఎర్మోహెనెస్ రంపానికి నూనె పెట్టాడు.
బహుళపక్షం రాకుండా కొట్టకూడదు, పురుగు పడుతుంది.
అమ్మమ్మ ఇంకో మాట కలిపింది:
గింజ రాలకుండా కూడా కొట్టకూడదు.
"ఎన్నాళ్ళు చూడమంటావ్?"
"నెలలు నిండినదాన్ని ఎవరైనా అలా అడుగుతారా?"

రాలాయి. పున్నమి పోటులో, రాత్రి.
ధబ్.
చాలాసేపు ఏమీ లేదు.
ధబ్.
తెల్లారేసరికి పదకొండు తేలుతున్నాయి, నడినెత్తి మాత్రం పైకి,
ఈతకు దిగిన ముసలాళ్ళలా, ఎటు పోవాలో తొందర లేకుండా.
అంత బరువు ఎలా తేలుతుంది?
అమ్మమ్మ ఒకదాన్ని కత్తితో చీల్చి చూపింది.
రెండు బద్దల నడుమ ఖాళీ, వేలు పట్టేంత.
ఇందులో ఏముండేది అన్నాను.
"ఏమీ లేదు. అందుకే."

చెట్టు పడ్డప్పుడు నేను చెవులు మూసుకోలేదు.
లోపల కర్ర ఎర్రగా, ఇంకా తడిగా ఉంది.
ఇప్పుడు ఆ స్తంభాల మీదే నిద్రపోతున్నాం.
పోటు వచ్చిన రాత్రి ఇంటి కింద నీళ్ళు వాటిని పేరు పెట్టి పిలుస్తాయి.
అవి పలకవు.

ఒక గింజ నేను దాచాను.
చిప్పలు కొనే దోన్ ఎవారిస్తో ఖాతా పుస్తకం
గాలికి ఎగరకుండా దాని మీద పెట్టాం.
రెండు నెలలు అది బరువు, అంతకు మించి ఏమీ కాదు.
ఓ పొద్దున చూస్తే పుస్తకం చెమ్మగా ఉంది.
గింజ నోరు తెరిచింది.
ఎలక తోకంత వేరు
అట్ట చీల్చుకుని సెప్టెంబరు బాకీలోకి దిగింది.

పడవ వేసుకుని పాత దిబ్బకు పోయాం.
ఇప్పుడది దిబ్బ కాదు,
పాటుకు తేలి పోటుకు మునిగే బురద,
దాంట్లో గోలు కర్ర ఒకటి ఇంకా నిలబడే ఉంది.
"ఇక్కడ ఎవరుంటారే అమ్మమ్మా?"
"పియాంగ్వా ఉంటుంది."
మోచేతి దాకా చెయ్యి దించి గొయ్యి చేసింది.
మొక్కను నన్ను పట్టుకోమంది.
పట్టుకున్నాను. బురద నా చేతిని వదలడానికి కాస్త ఆలోచించింది.

అది బతికిందో లేదో ఇంకా చూడలేదు.
ఆవిడ మోకాలు ఒప్పుకోవడం లేదు.
సెప్టెంబరు పేజీలో గుండ్రంగా టీ రంగు మచ్చ,
దాని కింద అంకెలు లేవు.
దోన్ ఎవారిస్తో కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు.
"ఎంత ఉండాలి ఇక్కడ?"
అమ్మమ్మ మచ్చ మీద వేలు పెట్టింది.
"ఏమీ లేదు."
ఆయన నమ్మలేదు.
ఉఫ్ మని పేజీ మీద ఊది
అక్టోబరు తిప్పాడు.